పాఠకుల ప్రశ్న: బ్రినెల్ 15 అని కొన్న తుక్కు సీసం, పోత పోస్తే 9కి ఎందుకు దిగింది?

ప్రశ్న: నేను చాలా ఏళ్లుగా టెక్సాస్‌లో ఉంటున్న తెలుగువాణ్ణి, అమెరికా పౌరుణ్ణి. .38 స్పెషల్ రివాల్వరుతో కాగితపు గురి మీద సాధన చేయడం నా వ్యాపకం. దానికి కావలసిన సీసపు బుల్లెట్లను ఈమధ్యనే ఇంటి వెనుక షెడ్డులో నేనే పోత పోసుకోవడం మొదలుపెట్టాను. ఆన్‌లైన్‌లో ఒకరి దగ్గర 60 పౌండ్ల తుక్కు సీసం తెప్పించాను. షూటింగ్ రేంజి మట్టికట్టలోంచి ఏరి కరిగించినదనీ, కాఠిన్యం బ్రినెల్ 15 ఉంటుందనీ ప్రకటనలో రాశారు. బొమ్మలు వేసే పెన్సిళ్లతో గీసి చూస్తే దిమ్మలు 13, 14 దాకా చూపించాయి. వాటిని కరిగించి పోసిన బుల్లెట్లు మాత్రం మర్నాడు చూస్తే 9, 10 దాటలేదు. నేను మోసపోయానా? ఈ సీసం పనికొస్తుందా, లేక ఏదైనా కలిపి గట్టిపరచాలా? ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారు కాబట్టి అసలీ పనే వద్దంటోంది నా భార్య. ఆమెకు ఏం చెప్పాలి?

సమాధానం: మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. దిమ్మగా ఉన్నప్పుడు 13, 14 చూపిన సీసమే బుల్లెట్టుగా మారాక 9కి, 10కి దిగిందంటున్నారు. మధ్యలో మీరు దానిలో ఏదీ కలపలేదు. అంటే మారింది ప్రధానంగా లోహం కాదు, అది చల్లారిన తీరు. అందువల్ల అమ్మినవారు ప్రకటించిన అంకె పచ్చి అబద్ధం కాకపోవచ్చు గాని, మీకు అక్కరకు వచ్చే అంకె మాత్రం కాదు. తుక్కు సీసం బేరంలో అందరూ కాఠిన్యం ఎంత అనే అడుగుతారు. అడగవలసినది అందులో సీసాన్ని గట్టిపరిచే ఆంటిమొని అనే లోహం ఎంత, తగరం ఎంత, ఆ తుక్కు ఎక్కడినుంచి వచ్చింది, దిమ్మలను ఎలా చల్లార్చారు అని.

ముందు ఆ అంకె సంగతి చూద్దాం. స్వీడన్‌కు చెందిన ఇంజనీరు యోహాన్ ఆగస్ట్ బ్రినెల్ 1900లో ప్రకటించిన పద్ధతి ఇది. గట్టి ఉక్కు గోళీని తెలిసిన బరువుతో లోహం మీద నొక్కి, ఆ బరువును పడిన గుంట ఉపరితల వైశాల్యంతో భాగిస్తే వచ్చేదే బ్రినెల్ సంఖ్య. శుద్ధమైన సీసం 5 దగ్గర ఉంటుంది, దాన్ని బొటనవేలి గోటితో గీకినా గీత పడుతుంది. 20 పాళ్ల సీసానికి ఒక పాలు తగరం కలిపితే 10కి వస్తుంది. కారు చక్రాల రిమ్ముకు క్లిప్పుతో తగిలించే పాత బరువులు 10 నుంచి 12 దాకా ఉంటాయి. 90 పాళ్ల సీసానికి తగరం, ఆంటిమొని చెరి 5 పాళ్లు కలిపిన మిశ్రమాన్ని పోత పోసేవారు లైమన్ నంబర్ 2 అంటారు, అది 15. పత్రికల ముద్రణలో వాడిన లినోటైప్ లోహంలో 12 శాతం ఆంటిమొని, 4 శాతం తగరం ఉంటాయి కాబట్టి అది 22 దాకా పోతుంది. నేల మీద పడేస్తే శుద్ధ సీసం దబ్బున మొద్దుగా చప్పుడు చేస్తుంది, లినోటైప్ ఖంగుమంటుంది.

నీళ్లలో ముంచకుండా, గాలికి చల్లారిన మిశ్రమానికి పోత పోసేవారు వాడుకునే మోటు లెక్క ఒకటుంది. 8.6కు తగరం శాతాన్ని 0.29తోనూ, ఆంటిమొని శాతాన్ని 0.92తోనూ హెచ్చవేసి కలపడం. శుద్ధ సీసం దగ్గర ఈ లెక్క తప్పుతుంది గాని, మీలాంటి తుక్కు విషయంలో బాగానే దారి చూపిస్తుంది. తగరం కంటే ఆంటిమొనికి మూడింతలకు పైగా బలం ఉందన్న సంగతి అందులోనే కనిపిస్తుంది. ఇప్పుడు మీ ప్రకటనలోని 15ను తీసుకోండి. గాలికి చల్లారిన సీసం 15 చూపాలంటే ఈ లెక్క ప్రకారం దానిలో ఆంటిమొని 6 శాతం, తగరం 2 శాతం ఉండాలి. మార్కెట్లో గట్టి పోత బుల్లెట్లు అమ్మే కంపెనీలు కొత్త లోహాలు కొలిచి కలుపుకొనే పాళ్లు సరిగ్గా ఇవే. రేంజి మట్టిలోంచి ఏరిన తుక్కులో అంత ఆంటిమొని ఉండటం అరుదు.

ఎందుకంటే ఆ మట్టికట్టలో చేరేది ఒక్క రకం సీసం కాదు. ఎక్కువమంది కాల్చేది రాగి తొడుగున్న ఫ్యాక్టరీ పిస్తోలు బుల్లెట్లు. తొడుగే పని చూసుకుంటుంది కాబట్టి లోపలి సీసాన్ని గట్టిగా చేయవలసిన అవసరం వాటిని తయారుచేసేవారికి ఉండదు, అది మెత్తగానే ఉంటుంది. .22 రిమ్‌ఫైర్ బుల్లెట్లు దాదాపు శుద్ధ సీసమే. వీటి మధ్య మీవంటివారు కాల్చిన పోత బుల్లెట్లు అక్కడక్కడా పడి కాస్త ఆంటిమొనిని చేరుస్తాయి. అందుచేత ఒక రేంజి తుక్కు 8 దగ్గర ఆగితే, కౌబాయ్ పోటీలు జరిగే ఇంకొక రేంజిలో పోత బుల్లెట్లే ఎక్కువ కాబట్టి అక్కడి తుక్కు 12 దాకా పోతుంది. ఒకే రేంజిలోనైనా ఈ బకెట్టుకూ ఆ బకెట్టుకూ తేడా ఉంటుంది. మీ బుల్లెట్లు చూపిన 9, 10 అచ్చమైన రేంజి తుక్కు చూపవలసిన అంకెలే. నన్నడిగితే అనుమానించవలసింది 15నే.

మరి దిమ్మలు 13, 14 ఎలా చూపాయి? ఆంటిమొని ఉన్న సీసానికి ఒక గుణం ఉంది. సుమారు 250 డిగ్రీల సెల్సియస్ దగ్గర గట్టిపడిన సీసం తనలో 3.5 శాతం దాకా ఆంటిమొనిని ఇముడ్చుకోగలదు, అదే సీసం గది వేడిమికి వచ్చేసరికి అర శాతాన్ని కూడా పట్టి ఉంచలేదు. మెల్లగా చల్లారితే మిగులు ఆంటిమొని లావుపాటి పలుకులుగా విడిపోయి ఊరుకుంటుంది, కాఠిన్యానికి అంతగా తోడ్పడదు. వేడి తగ్గకముందే నీళ్లలో పడేస్తే దానికి విడిపోయే వ్యవధి దొరకదు, లోపలే చిక్కుకుపోతుంది. తర్వాత గంటలు, రోజులు గడిచేకొద్దీ కంటికి కనిపించనంత సన్నని రేణువులుగా విడిపోతూ లోహాన్ని బిగిస్తుంది. రవ్వంత ఆర్సెనిక్ కూడా ఉంటే ఈ ప్రభావం ఇంకా హెచ్చుతుంది. గాలికి చల్లారి 11 చూపే చక్రపు బరువుల సీసాన్ని నీళ్లలో పడేస్తే కొద్ది రోజుల్లో 18 దాటడం పోత పోసేవారందరూ ఎరిగిన సంగతే. దిమ్మలను తొందరగా పెట్టెల్లో సర్దుకోవడానికి అమ్మకందార్లు మూసలను నీళ్ల తొట్టిలో బోర్లించడం మామూలే, దానిలో దురుద్దేశం ఉండనక్కర్లేదు. అయితే అలా వచ్చిన గట్టిదనం మీరు కరిగించిన క్షణానే పోతుంది. మీరు డబ్బు పెట్టి కొన్న దానిలో అది భాగం కానే కాదు.

ఇందులో మీ వైపు తొందరపాటు కూడా కొంత ఉంది. ఆంటిమొని ఉన్న సీసం గాలికి చల్లారినా సరే, పోసిన మర్నాడు దాని పూర్తి కాఠిన్యం చూపించదు. వారం, రెండు వారాలు మెల్లగా పెరుగుతూ పోయి ఆగుతుంది. కాబట్టి మర్నాడు చూసిన 9, రెండు వారాల తర్వాత 10 కావచ్చు, 11 కూడా కావచ్చు. బుల్లెట్లు పోసిన తేదీని డబ్బా మీద రాసి పెట్టుకుని, రెండు వారాలకు తక్కువ కాకుండా ఆగి కొలవండి. తగరం మాత్రమే కలిసిన సీసం ఇలా గట్టిపడదు, పైగా కాలం గడిచేకొద్దీ ఒక పిసరు మెత్తబడుతుంది. మీ తుక్కులో ఏది ఎక్కువగా ఉందో తెలుసుకోవడానికి ఇదీ ఒక ఆనవాలే.

కొలిచే పద్ధతిని కూడా కాస్త మార్చమంటాను. పెన్సిలు పరీక్ష చెడ్డది కాదు. కర్రను చెక్కేసి, లోపలి కడ్డీ కొసను ఉప్పు కాగితం మీద చదునుగా అరగదీసి, 45 డిగ్రీల వాలులో ముందుకు నెట్టి, ఏ రకం పెన్సిలుకు లోహం గీరుకుంటుందో చూస్తే, 6బి దగ్గర శుద్ధ సీసమూ, హెచ్‌బి దగ్గర సుమారు 15 తెలిసిపోతాయి. అయితే మెట్టుకూ మెట్టుకూ మధ్య ఒకటి రెండు అంకెల ఎడం ఉంటుంది, పెన్సిలు కంపెనీ మారితే మెట్లు కూడా జరుగుతాయి, చేతి ఒత్తిడి రోజూ ఒకేలా ఉండదు. అంతకంటే నమ్మకమైనది, దాదాపు ఖర్చులేనిది ఇంకొకటుంది. శుద్ధ సీసపు ముక్క ఒకటి సంపాదించండి. ఇళ్ల పైకప్పులకు వేసే కొత్త సీసపు రేకులో ముక్కయినా చాలు, మడతపెట్టి కరిగించి చిన్న దిమ్మ పోసుకోవచ్చు. ఆ దిమ్మకూ మీ తుక్కు దిమ్మకూ మధ్య 10 మిల్లీమీటర్ల బేరింగు గోళీ ఒకటి పెట్టి, మూడింటినీ కలిపి వైస్‌లో బిగించండి. గోళీ రెండువైపులా గుంట చేస్తుంది. రెండు దిమ్మలకూ ఒకే ఒత్తిడి, ఒకే సమయం కాబట్టి, బరువు తూచే పని లేదు. సీసం ఒత్తిడి కింద నెమ్మదిగా జారుతూ ఉంటుందన్న చిక్కు కూడా రెండింటికీ సమానమే. రెండు గుంటల వ్యాసాలను కాలిపర్‌తో కొలిచి, శుద్ధ సీసపు గుంట వ్యాసాన్ని తుక్కు గుంట వ్యాసంతో భాగించి, వచ్చినదాన్ని అదే అంకెతో హెచ్చవేసి, 5తో గుణించండి. శుద్ధ సీసంలో గుంట 4 మిల్లీమీటర్లు, మీ దిమ్మలో 3 మిల్లీమీటర్లు వచ్చిందనుకుంటే కాఠిన్యం దాదాపు 9. నిజంగా అది 15 అయి ఉంటే గుంట 2.3 మిల్లీమీటర్లే ఉండాలి. మూడుకూ రెండుంబావుకూ తేడా మీ కళ్లకే తెలుస్తుంది, వాదన అక్కర్లేదు.

అయితే ఈ పరీక్ష దిమ్మల మీద చేయకండి, దిమ్మను కరిగించి గాలికి చల్లార్చి రెండు వారాలు ఉంచిన ముక్క మీద చేయండి. పెట్టెలో వేర్వేరు చోట్ల నుంచి మూడు నాలుగు దిమ్మలు తీసి విడివిడిగా చూడండి. అంకెలు దగ్గరదగ్గరగా ఉంటే సీసమంతా ఒకే పెద్ద మూకుట్లో కరిగినదని అర్థం. 8 ఒకచోట, 12 ఇంకొకచోట కనిపిస్తే, అమ్మినవారు వేర్వేరు బకెట్లను వేర్వేరుగా కరిగించి ఒకే పెట్టెలో సర్దారన్నమాట. అప్పుడు మొత్తం సరుకును ఒక్కసారి కలిపి కరిగించి మళ్లీ దిమ్మలు పోసుకోవడం మేలు. లేకపోతే ఈ వారం బుల్లెట్లకూ వచ్చే వారం బుల్లెట్లకూ పొంతన ఉండదు, తప్పు తుపాకీదో మీ గురిదో తెలియక తికమకపడతారు.

మోసమా అన్నదానికి ఇప్పుడు జవాబు చెప్పవచ్చు. మామూలు రేంజి సీసం ధరకే ఇచ్చి ఉంటే మీకు నష్టమేమీ లేదు, మీకు వచ్చింది రేంజి సీసమే. గట్టి మిశ్రమం ధర తీసుకుని ఉంటే మాత్రం తేడా సొమ్ము వెనక్కి అడిగే హక్కు మీకుంది. కోపంగా కాక, మూడు ప్రశ్నలుగా రాయండి. కాఠిన్యాన్ని ఏ పనిముట్టుతో, పోసిన ఎన్నాళ్లకు కొలిచారు? దిమ్మలను నీళ్లలో చల్లార్చారా? ఎక్స్‌రే ఫ్లోరెసెన్స్ యంత్రంతో చూసిన మూలకాల శాతాలు ఏవైనా ఉన్నాయా? పెద్ద తుక్కు కొట్లలో చేతిలో పట్టుకునే ఆ యంత్రాలు ఉంటున్నాయి, పరిచయముంటే మీ దిమ్మను కూడా ఒక నిమిషంలో చూసిపెడతారు. పైపొరను గీకి మెరిసేదాకా శుభ్రం చేసి చూపించండి, ఎందుకంటే ఆ యంత్రం పై పొరనే చదువుతుంది.

ఇక అసలు ప్రశ్న. మీ పనికి 15 అవసరమా? లేదు. గట్టి సీసమే మంచి సీసమన్నది ఈ వ్యాపకంలోకి కొత్తగా వచ్చిన ప్రతివారినీ పట్టే భ్రమ, దాన్ని పెంచి పోషించేది కూడా అమ్మేవారే. బారెల్ లోపల సీసం పూతలా అంటుకుపోవడానికి మెత్తదనం కంటే కొలత కుదరకపోవడం పెద్ద కారణం. బుల్లెట్టు, రివాల్వరులో తూటాలు కూర్చునే సిలిండరు గదుల నోటికి సరిగ్గా పట్టేంత లావు లేకపోతే వేడి వాయువు పక్కల నుంచి దూరి సీసాన్ని కోసుకుంటూ పోతుంది. కాస్త మెత్తని సీసమైతే ఒత్తిడికి వెనుక భాగం పరుచుకుని ఆ సందును మూసేస్తుంది. మరీ గట్టిదైతే పరుచుకోదు, సందు అలాగే ఉండిపోతుంది. బ్రినెల్ ఒక్కటికి చదరపు అంగుళానికి 1422 పౌండ్ల ఒత్తిడి అని పాతకాపులు ఒక లెక్క వేస్తారు. దాన్ని శాసనంగా తీసుకోనక్కర్లేదు గాని ఒక అంచనా ఇస్తుంది. .38 స్పెషల్‌కు అమెరికా పరిశ్రమ నిర్ణయించిన గరిష్ఠ ఒత్తిడి 17,000 పౌండ్లు, దానికి లెక్క ప్రకారం వచ్చేది 12. కాగితపు గురికి వాడే, మందు తక్కువ నింపిన తేలికపాటి తూటాలు ఆ గరిష్ఠానికి చాలా కింద ఉంటాయి. మీ 9, 10 వాటికి చక్కగా సరిపోతాయి. కాబట్టి ముందు సిలిండరు నోళ్ల కొలతా, మీ బుల్లెట్టు కొలతా చూసుకోండి, లోహం జోలికి తర్వాత వెళ్లవచ్చు.

ఇంత చెప్పాక కూడా మాగ్నమ్ లాంటి బలమైన తూటాల కోసం 12 దగ్గర సీసం కావాలనిపిస్తే లినోటైప్ కలపడమే తేలిక దారి. మీ తుక్కులో ఆంటిమొని ఒక శాతం ఉందనుకుంటే, 60 పౌండ్లకు సుమారు 13 పౌండ్ల లినోటైప్ కలిపితే ఆంటిమొని 3 శాతానికి చేరుతుంది, తగరం ముప్పావు శాతం దాకా వస్తుంది, కాఠిన్యం పదకొండున్నర. ఒట్టార్ మెర్గెంథాలర్ యంత్రం 1886లో న్యూయార్క్ ట్రిబ్యూన్ పత్రికలో అడుగుపెట్టినప్పటి నుంచి దాదాపు తొంభై ఏళ్లు అమెరికా పత్రికలు ఎక్కువగా ఈ లోహంతోనే అచ్చయ్యాయి. మన ఊళ్ల ప్రెస్సుల్లో కంపోజిటర్లు ఒక్కొక్కటిగా పేర్చిన తెలుగు అచ్చక్షరాలు కూడా ఈ మూడు లోహాల కలయికే. ఇప్పుడు కొత్తగా పుట్టే లినోటైప్ తక్కువ, ఉన్నదాని ధర పెరుగుతూ ఉంది. కాబట్టి దాన్ని .38 స్పెషల్ గురి సాధనకు ఖర్చుపెట్టడం నాకు దుబారాగా తోస్తుంది. తగరం గట్టిదనం కోసం కాదు, అచ్చులో సీసం మూలమూలలకూ పారడం కోసం. ఒకటి రెండు శాతం చాలు.

కరిగించేటప్పుడు ఉన్న ఆంటిమొనిని చేజేతులా పారేసుకునేవారు కూడా ఉన్నారు. వేడి చాలనప్పుడు సీసం మీద బూడిదరంగు చిక్కటి తెట్టు తేలుతుంది. మురికి అనుకుని దాన్ని గరిటెతో తీసి పారేస్తే, ఆంటిమొని, తగరం ఎక్కువగా ఉన్న భాగమే పోతుంది, ప్రతి విడతకూ సీసం మెత్తబడుతూ వస్తుంది. వేడి కాస్త పెంచి, కొద్దిగా మైనం గాని రంపపు పొట్టు గాని వేసి బాగా కలిపితే అది మళ్లీ లోపలికి దిగుతుంది. ఆ తర్వాత పొడిపొడిగా మిగిలిన నల్లటి మడ్డినీ, తేలిన రాగి తొడుగులనూ మాత్రం తీసేయండి.

ఇకముందు చౌకగా దొరికిందని వేరే తుక్కు కలపాలనుకుంటే రెండింటి విషయంలో జాగ్రత్తపడండి. మొదటిది జింకు. కాలిఫోర్నియా, వాషింగ్టన్ వంటి రాష్ట్రాలు సీసపు చక్రపు బరువులను నిషేధించాక వాటి స్థానంలో జింకువీ, ఉక్కువీ వచ్చాయి, కొన్నిటి మీద జడ్‌ఎన్, ఎఫ్‌ఈ అని అచ్చు ఉంటుంది. సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, జింకుకు 419 కావాలి. మూకుడు 370 దాటకుండా చూసుకుంటే జింకు బిళ్లలు కరగకుండా పైకి తేలతాయి, గరిటెతో తీసేయవచ్చు. వేడి మీరి అది కలిసిపోయిందంటే సీసం ఉండకట్టిన ఉప్మాలా ముద్దముద్దగా తయారై అచ్చులో పారదు. రెండవది కారు బ్యాటరీ. బ్యాటరీ పలకలను ఇంట్లో ఎన్నడూ కరిగించకూడదు. వాటిలో కాల్షియం, ఆర్సెనిక్, ఆంటిమొని ఉంటాయి. వాటి మడ్డికి తేమ తగిలితే ఆర్సీన్, స్టిబీన్ అనే విషవాయువులు పుడతాయి. ఆర్సీన్ రక్తకణాలను పగలగొట్టి మనిషిని చంపగలదు. పాత బ్యాటరీలను తిరిగి కరిగించే కర్మాగారాలు వేరే ఉన్నాయి, మిజోరీలోని హెర్క్యులేనియంలో చివరి ముడి సీసపు కొలిమి 2013 డిసెంబరులో మూతపడ్డాక అమెరికాలో తయారయ్యే సీసం దాదాపు అంతా వాటి నుంచే వస్తోంది. అది వారి పని, మనది కాదు.

ఈ జవాబు చదివి ఇతరులు పని మొదలుపెట్టకముందే చట్టం మాట చెప్పాలి. మీరు పౌరులు కాబట్టి సొంత వాడకానికి పోసుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు, అమ్మడానికి తయారుచేస్తే కావాలి. అయితే హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్న మనవాళ్లకు తుపాకీగాని మందుగుండు గాని దగ్గర ఉంచుకోవడమే నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. ఫెడరల్ చట్టం దృష్టిలో మందు లేని ఒట్టి సీసపు బుల్లెట్టు కూడా మందుగుండు కిందికే వస్తుంది. మిత్రుడి షెడ్డులో సరదాకు నాలుగు పోసి తెచ్చుకోవడం వీసాకే ఎసరు. భారతదేశంలో ఉన్నవారు 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఈ పని తలపెట్టనే కూడదు.

మీ భార్య ఆందోళన న్యాయమైనదే, దాన్ని కొట్టిపారేయకండి. పోత పోసే వేడిలో సీసం ఆవిరి కావడం స్వల్పమే. అసలు ప్రమాదం ధూళిలో ఉంది. మూకుడు నుంచి తీసిన మడ్డి పొడి, రేంజి తుక్కుకు అంటుకున్న మట్టి, చేతులకూ బట్టలకూ చెప్పులకూ పట్టిన బూడిద, ఇవి ఇంట్లోకి వచ్చి నేల మీద పాకే పిల్లల నోట్లోకి చేరతాయి. పిల్లల రక్తంలో డెసిలీటరుకు 3.5 మైక్రోగ్రాములు దాటితే పట్టించుకోవాలని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2021లో హద్దును తగ్గించింది. అది ఎంత చిన్న మోతాదో ఆలోచించండి. కాబట్టి షెడ్డుకు వేరే బట్టలు, వేరే బూట్లు పెట్టుకోండి, వాటిని ఇంటి బట్టలతో కలిపి ఉతకకండి. అక్కడ ఏమీ తినకండి, తాగకండి. చేతులూ ముఖమూ కడుక్కున్నాకే లోపలికి రండి. మడ్డిని తడిగుడ్డతో తీసి మూతబిగించిన డబ్బాలో ఉంచి ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి ఇవ్వండి, చీపురుతో ఊడవకండి. వంటింటి పాత్ర ఏదీ ఈ పనికి వాడకూడదు, వాడినది మళ్లీ వంటింటికి రాకూడదు. అల్యూమినియం గిన్నె అసలే వద్దు, ఆ వేడికి అడుగు వదిలేస్తుంది. రేంజి తుక్కును చల్లటి మూకుట్లో వేసి, మూత పెట్టి, మెల్లగా వేడెక్కించండి. పేలని తూటా ఒకటి మట్టిలో కలిసి వచ్చే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. కరిగిన సీసంలో తడి దిమ్మ వేస్తే నీరు ఆవిరై సీసాన్ని ముఖం మీదికి చిమ్ముతుంది.

మీ ఇద్దరికీ, పిల్లలకూ రక్తంలో సీసం పరీక్ష ఇప్పుడొకసారి చేయించి ఆ అంకెలను దగ్గర ఉంచుకోండి. కొన్ని నెలలు పని చేశాక మళ్లీ చేయించండి. అంకె కదలకపోతే మీ భార్యకు చూపించడానికి అంతకంటే మంచి కాగితం ఉండదు. ఏ కొంచెం పెరిగినా, కారణం తెలిసేదాకా మూకుడు బోర్లించి ఉంచండి.